బాత్రూమ్ సర్దుకోవడం: ఏది లోపల, ఏది బయట, దేన్ని దేనితో బిగించాలి

బాత్రూమ్ సర్దాలి అనుకోగానే చాలామంది ముందుగా షెల్ఫ్ కొంటారు. ఆ షెల్ఫ్ నిండిపోయాక ఇంకోటి కొంటారు. వస్తువులు మాత్రం తగ్గవు. నన్నడిగితే షెల్ఫ్ ఎంపిక ఆఖర్న రావాలి. అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి మూడు నాలుగున్నాయి, వాటిలో తప్పు చేస్తే ఎంత మంచి షెల్ఫ్ కొన్నా ఉపయోగం ఉండదు.

మిగతా గదుల్లో ఇబ్బంది చోటు చాలకపోవడంతో వస్తుంది. బాత్రూమ్‌లో తడి ఆరకపోవడంతో వస్తుంది. నేల మీద మూలన వరసగా నిలబెట్టిన షాంపూ సీసాల్లో ఒకదాన్ని ఎత్తి కింద చూడండి. సీసా అడుగున ఉన్న గుంటలో నీళ్లు నిలిచి ఉంటాయి, అంచు చుట్టూ వేలికి అంటుకునే గులాబీ రంగు జిగట, టైల్ మీద గుండ్రటి మరక. ఆ గులాబీ పొరకు సాధారణంగా కారణం సెరాషియా మార్సెసెన్స్ అనే బ్యాక్టీరియా. సబ్బు, షాంపూ మిగిల్చిన జిడ్డే దానికి ఆహారం. సీసా అక్కడ లేకపోతే ఆ తడి కాసేపట్లో ఆరిపోయేది. అందుకే కింద చెప్పే ప్రతి ఎంపికనూ ఒకే ప్రశ్నతో తూచాను: ఇలా పెడితే ఆ వస్తువూ, దాని చుట్టుపక్కలా ఆరతాయా, లేదా?

ఒకేసారి ఖాళీ చేయాలా, రోజుకు కాస్త చేయాలా?

నా ఓటు ఒకేసారి చేయడానికే. బట్టల బీరువానో, పుస్తకాల గదో అయితే నెమ్మదిగా చేసుకోమంటాను, ఎందుకంటే అక్కడ ప్రతి వస్తువుతో ఏదో ఒక జ్ఞాపకం ముడిపడి ఉంటుంది. బాత్రూమ్‌లో అలాంటి బంధాలు తక్కువ. సగం వాడిన ఫేస్‌వాష్ పారేయడానికి ఎవరూ పెద్దగా బాధపడరు. పక్క గదిలో ఒక పాత దుప్పటి పరిచి, లోపలున్నదంతా దాని మీదికి తెచ్చి, ఒకే రకం వస్తువులను ఒక చోట చేర్చండి. ఒకే రకం క్రీము మూడు డబ్బాలు ఉన్నాయని, మూడూ తెరిచే ఉన్నాయని అప్పుడే తెలుస్తుంది. అవి వేర్వేరు అరల్లో ఉన్నంతకాలం ఆ సంగతి కంటపడదు.

ఇంట్లో పసిపిల్లలున్నా, ఒంట్లో ఓపిక లేకపోయినా, ఒకే బాత్రూమ్‌ను చాలామంది వాడుతున్నా విడతలుగా చేయడమే మేలు. కానీ అలా చేసేటప్పుడు ఈరోజు ఈ అర, రేపు ఆ అర అని పంచుకోవద్దు. అలా చేస్తే ఇక్కడి వస్తువు అక్కడికి మారుతుందంతే. ఈరోజు సీసాలన్నీ, రేపు మందులన్నీ, ఎల్లుండి బ్రష్షులూ రేజర్లూ, ఇలా రకాన్ని బట్టి విడగొట్టుకోండి.

ఏది పారేయాలో తేల్చడానికి మనసును అడగనక్కర్లేదు, డబ్బా మీదే చాలావరకు ఉంటుంది. గడువు తేదీ ఒకటి. అది కాక చాలా క్రీముల మీద మూత తెరిచిన చిన్న డబ్బా బొమ్మ, అందులో 6 ఎం, 12 ఎం, 24 ఎం అని ఉంటుంది. మూత తీసిన రోజు నుంచి అన్ని నెలలు వాడుకోవచ్చని దానర్థం. మూత ఎప్పుడు తీశామో ఎవరికీ గుర్తుండదు కాబట్టి, తెరిచిన రోజే అడుగున మార్కర్‌తో తేదీ రాసేయడం మంచి అలవాటు. కళ్లకు వాడే మస్కారా లాంటివి మరీ తొందరగా, కొద్ది నెలల్లోనే మార్చాలి. టూత్ బ్రష్‌ను మూడు నాలుగు నెలలకోసారి మార్చమని దంతవైద్యులు చెబుతారు. కుచ్చు విచ్చుకుపోతే అంతకంటే ముందే. రంగు మారినవి, విరిగి నీళ్లూ జిడ్డూ వేరైనవి, వాసన తేడాగా ఉన్నవి గడువుతో సంబంధం లేకుండా పోవాల్సిందే.

కష్టమల్లా నచ్చక పక్కన పెట్టిన వాటితోనే. గడువు మిగిలే ఉంటుంది, డబ్బు పెట్టి కొన్నాం కదా అనిపిస్తుంది. నచ్చని షాంపూతో దువ్వెనలు కడుక్కోవచ్చు, నచ్చని సబ్బును చేతులు కడుక్కునే చోట పెట్టి అరగదీయవచ్చు. ఈ వారంలో అలా ఒక పని అప్పగించలేని దాన్ని వచ్చే ఏడాదీ ముట్టుకోరు. సీలు తీయనివి మాత్రమే ఇతరులకు ఇవ్వండి.

లోపల ఉండాల్సినవి, బయటికి వెళ్లాల్సినవి

అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం ఇదే, అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను. తడి చేత్తో రోజూ ముట్టుకునేవి మాత్రమే లోపల ఉండాలి: ఒక సబ్బు, ఒక షాంపూ, టూత్‌పేస్టు, బ్రష్షులు, రేజరు, ఒళ్లు రుద్దుకునేది, వైపరు. తక్కిన ప్రతిదీ లోపల ఉండటానికి ఒక కారణం చూపించగలగాలి.

ఇంట్లో గాలిలో తేమ 60 శాతం దాటకుండా, వీలైతే 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే బూజు పట్టదంటారు. వేడినీళ్ల స్నానం అయ్యాక అద్దం మసకబారిందంటే, ఆ అద్దాన్ని తాకిన గాలి ఇక నీటిని మోయలేని స్థితికి వచ్చిందన్నమాట. ఆ గాలే అరలో మడిచిపెట్టిన టవల్ పోగుల్లోకీ, మాత్రల సీసా మూత సందులోకీ, పౌడరు డబ్బాలోకీ వెళ్తుంది.

మందులు ముందు బయటికి రావాలి. అద్దం వెనక అర ఉంది కదా అని మాత్రలు అక్కడ పెట్టడం చాలా ఇళ్లలో అలవాటు. వేడి, తేమ రెండూ మందుల శక్తిని తగ్గిస్తాయి. పొడిగా, చల్లగా ఉండి పిల్లలకు అందని అర ఇంకెక్కడైనా సరే, బాత్రూమ్ కంటే నయం. గడువు దాటిన మాత్రలను టాయిలెట్‌లో వేసి ఫ్లష్ చేయకండి, వెనక్కి తీసుకునే మందుల షాపో ఆసుపత్రో ఉంటే అక్కడ ఇచ్చేయండి.

ఆ తర్వాత, కొని నిలవ పెట్టుకున్నవి. వాడుకలో ఉన్నది ఒకటి లోపల, దాని జోడీ ఒకటి బయట, అంతకుమించి వద్దు. పొడి మేకప్ సామాను, పెర్ఫ్యూమ్, కొత్త బ్లేడ్లు, ట్రిమ్మరు, దాని ఛార్జరు, నగలు, ఇవన్నీ కూడా బయటివే. కొత్త బ్లేడు ప్యాకెట్ విప్పకముందే అంచున తుప్పు చుక్క కనిపించిందంటే అది నెలల తరబడి ఈ గాలి పీల్చుతూ ఉందని అర్థం.

టవళ్లు, టాయిలెట్ పేపర్ సంగతి మీ బాత్రూమ్‌ను బట్టి మారుతుంది. స్నానం చేసే చోటు అద్దం తలుపుతో వేరుగా ఉండి, కిటికీయో ఎగ్జాస్ట్ ఫ్యానో బాగా పనిచేస్తుంటే పొడి వైపు ఉన్న అల్మరాలో ఇవి పెట్టుకోవచ్చు. అంతా ఒకే గదైతే వద్దు. సందేహముంటే స్నానం అయ్యాక అద్దాన్ని గమనించండి. కొద్ది నిమిషాల్లో తేటపడితే పర్వాలేదు. అరగంటైనా మసకగానే ఉంటే మడిచిన గుడ్డ, కాగితం ఏదీ లోపల పెట్టవద్దు.

తెరిచిన షెల్ఫా, తలుపులున్న అల్మరానా?

తడిసేవి తెరిచిన చోట, తడవనివి మూసిన చోట. నియమం ఇంతే. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. చూడ్డానికి బాగుండాలని తడి సీసాలను తలుపుల వెనక దాచి, అందంగా మడిచిన టవళ్లను బయట పేరుస్తారు. లోపల సీసాలకు పాచి పడుతుంది, బయట టవళ్లు ముక్క వాసన వేస్తాయి.

తెరిచిన షెల్ఫ్‌కు ఉన్న మంచి గుణం గాలి ఆడటమే కాదు, అది మనల్ని దాచుకోనివ్వదు. నాలుగు వస్తువులు పట్టే చోట ఏడు పెడితే వెంటనే కంటికి కనిపిస్తుంది. కొనేటప్పుడు అడుగు చూడండి: తీగలతోనో, వెడల్పాటి చీలికలతోనో ఉండాలి. చిన్న చిన్న రంధ్రాలున్న ప్లాస్టిక్ అడుగులో సబ్బు నురగ పేరుకుని కొద్దిరోజులకే రంధ్రాలు పూడుకుపోతాయి. అరకూ అరకూ మధ్య ఎత్తు మీ పొడవాటి సీసా కంటే ఎక్కువుండాలి. పంపు మూత ఉన్న సీసా అయితే దాన్ని నొక్కే చేతికి కూడా చోటు లెక్కేసుకోండి. ఈ కొలత తీసుకోకపోవడం వల్లే కొత్త షెల్ఫ్ వచ్చిన రోజే పెద్ద సీసా మళ్లీ నేల మీదికి దిగుతుంది.

తలుపుల అల్మరాకు గాలి పోయే జాలీయో, చీలికలో ఉంటే మేలు. అద్దం అల్మరాలో అరలు సన్నగా ఉంటాయి, వెనక ఒక వరస ముందు ఒక వరస పెట్టడం కుదరదు. దాన్ని లోపంగా చూడక్కర్లేదు, వెనక్కి నెట్టి మరిచిపోయే వీలే ఉండదు కాబట్టి అదే దాని బలం. సింకు కింద లోతుగా ఉండే అల్మరా దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ ఏం పెట్టినా ముందుకు లాగగలిగే ట్రేలో పెట్టండి, పైపు నుంచి చెమ్మ కారితే ట్రే లాగగానే తెలుస్తుంది.

టాయిలెట్ పైన గోడకు షెల్ఫ్ పెట్టాలనుకుంటే ఒక్క మాట. ఫ్లష్ చేసినప్పుడు సన్నటి తుంపరలు పైకి లేచి చుట్టూ పడతాయని 1975లోనే ఛార్లెస్ గెర్బా అనే అమెరికా సూక్ష్మజీవ శాస్త్రవేత్త బృందం ప్రయోగాలు చేసి చూపించింది. అక్కడ టూత్ బ్రష్షులూ, మొహం తుడుచుకునే గుడ్డా పెట్టవద్దు. మూత వేసి ఫ్లష్ చేసినా ఆ రెంటినీ దూరంగా ఉంచడమే నాకు నచ్చుతుంది. బ్రష్‌ను మూతున్న డబ్బాలో బిగించి పెట్టడం కూడా మంచిది కాదు. నిలబెట్టి, ఒకదానికొకటి తగలకుండా, గాలికి ఆరనివ్వాలి.

చక్రాల ట్రాలీ గురించి ఎక్కువ చెప్పను. పొడి గదికి బాగుంటుంది, తడి నేల మీద చక్రాలకు వెంట్రుకలు చుట్టుకుంటాయి. షవర్ పైపుకు తగిలించే బుట్ట రెండు సీసాలకు సరే, అంతకుమించి వేస్తే పైపు గోడలో కలిసే చోట బరువు పడుతుంది.

నలుగురైదుగురు వాడే బాత్రూమ్‌కు వీటన్నిటికంటే మేలైన మార్గం మనిషికో చిల్లుల బుట్ట. స్నానానికి వెళ్లేటప్పుడు తీసుకెళ్లడం, వచ్చేటప్పుడు తెచ్చేసుకోవడం. ఎవరి సీసా ఖాళీ అయిందో, ఎవరిది చెత్తగా మారిందో వాదన ఉండదు, లోపల నేల ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది.

గోడకు ఎలా బిగించాలి?

నాలుగు దారులున్నాయి. గాలి బిగింపుతో అంటుకునే సక్షన్ కప్పు, జిగురు స్టిక్కరు, నేలకూ సీలింగుకూ మధ్య స్ప్రింగుతో నిలబడే కడ్డీ, డ్రిల్ చేసి స్క్రూ బిగించడం.

సక్షన్ కప్పును గోడకు అదిమిపెట్టేది బయటి గాలి ఒత్తిడే. సముద్రమట్టం దగ్గర అది చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలో బరువుతో సమానం, అందుకే కప్పును తిన్నగా ముందుకు లాగితే అంత గట్టిగా ఉంటుంది. కానీ షెల్ఫ్ మీద బరువు ముందుకు కాక కిందికి లాగుతుంది. దాన్ని ఆపాల్సింది రబ్బరు రాపిడి మాత్రమే, తడి టైల్ మీద ఆ రాపిడి తగ్గిపోతుంది. పైగా అంచుల్లోంచి గాలి కొద్దికొద్దిగా లోపలికి దూరుతూనే ఉంటుంది. నున్నటి టైల్, గాజు మీద తప్ప ఇది నిలవదు. గరుకు టైల్ మీద, రెండు టైల్స్ మధ్య గీత మీద అసలు పట్టదు. రేజరుకో, పిల్లల స్నానపు బొమ్మల సంచికో సరిపోతుంది. లీటరు షాంపూ సీసాను దీని మీద నమ్మకంతో వదలకండి, అది రాత్రివేళ పెద్ద శబ్దంతో కింద పడుతుంది.

స్టిక్కరు దీనికంటే చాలా నయం, అంటించే పద్ధతి సరిగ్గా ఉంటే. టైల్ కళ్లకు శుభ్రంగా కనిపించినా దాని మీద సబ్బు పొర ఉంటుంది. ముందు కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అనే స్పిరిట్‌తో తుడిచి, అది కూడా ఆరాక అంటించి గట్టిగా నొక్కిపట్టండి. తర్వాత బరువు వేయకుండా ఆగడమే అసలు పని. జిగురు పట్టు గంటలు గడిచేకొద్దీ పెరుగుతుంది. ప్యాకెట్ మీద ఎంతసేపని రాశారో అంతసేపు, ఏమీ రాయకపోతే కనీసం 24 గంటలు, ఆ గోడకు నీళ్లు తగలనివ్వకండి. రాసి ఉన్న బరువులో సగమే వేయండి. సున్నం, రంగు వేసిన గోడకు వద్దు, ఊడేటప్పుడు రంగుతో సహా వస్తుంది. టైల్ మీంచి తీయాలంటే హెయిర్ డ్రైయర్‌తో వేడి చేస్తే జిగురు మెత్తబడుతుంది.

స్ప్రింగు కడ్డీకి గట్టి సీలింగు కావాలి. ఫాల్స్ సీలింగు కింద పనికిరాదు, నొక్కేకొద్దీ పైన పలక లేస్తుంది. నీళ్లు నిలిచే మూలలో దాని కింది పాదం చుట్టూ తుప్పు మరక పడుతుంది కాబట్టి రబ్బరు పాదం ఉన్నదే చూసుకోండి.

సొంత ఇల్లైతే డ్రిల్లింగే చేయించమంటాను. ఒక గట్టి షెల్ఫ్, ఒక టవల్ రాడ్, రెండు కొక్కేలు సరిగ్గా బిగిస్తే ఏళ్ల తరబడి వాటి జోలికి వెళ్లక్కర్లేదు. అయితే మూడు జాగ్రత్తలు. కుళాయికి, గీజర్‌కు, స్విచ్‌కు నిట్టనిలువుగా గానీ, అదే వరసలో అడ్డంగా గానీ రంధ్రం పెట్టవద్దు, గోడ లోపల పైపులూ వైర్లూ సాధారణంగా ఆ దారుల్లోనే పోతాయి. టైల్ దాటేవరకు డైమండ్ లేదా కార్బైడ్ మొన ఉన్న బిట్‌తో, హ్యామర్ మోడ్ (కొడుతూ తొలిచే పద్ధతి) ఆపి, నెమ్మదిగా తొలవాలి. బిట్ జారకుండా ముందు టేపు అంటిస్తే చాలు. రంధ్రంలో కాస్త సిలికాన్ నింపి స్క్రూను పట్టి ఉంచే ప్లాస్టిక్ ప్లగ్గు దించాలి, లేకపోతే స్నానపు నీళ్లు స్క్రూ వెంబడి టైల్ వెనక్కి చేరి పక్క గది గోడకు చెమ్మ కొడతాయి.

అద్దె ఇంట్లో ఉంటే ముందు పాత రంధ్రాలను వెతకండి. ఇంతకుముందు ఉన్నవాళ్లు వదిలేసిన ప్లగ్గులు చాలా బాత్రూముల్లో ఉంటాయి. వాటికి సరిపోయే షెల్ఫ్ దొరికితే స్టిక్కరు అవసరం లేదు.

ఏ సరుకుతో చేసినది?

స్టీల్ అంటే అన్నీ ఒకటి కాదు. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 202 రకంలో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు, ధర తగ్గుతుంది, తుప్పు తొందరగా వస్తుంది. అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తుందని చాలామంది నమ్ముతారు. ఈ రెండింటికీ అయస్కాంతం పెద్దగా అంటుకోదు కాబట్టి ఆ పరీక్ష వీటిని విడదీయలేదు. గ్రేడు రాసి ఉన్నదే కొనండి, వెల్డింగు అతుకులు నున్నగా ఉన్నాయో లేదో వేలితో తడిమి చూడండి, తుప్పు మొదలయ్యేది అక్కడే. ఇనుప తీగ మీద క్రోమ్ పూసినవీ, రంగు పొర వేసినవీ మెరుస్తాయి గానీ మూలన పెచ్చు లేచిన రోజు నుంచి వాటి ఆయుష్షు లెక్కే.

నీళ్లు నేరుగా పడే చోట నా మొదటి ఎంపిక ఏబీఎస్ అనే గట్టి రకం మందపాటి ప్లాస్టిక్, తర్వాత 304 స్టీల్. అల్యూమినియం ఎర్రగా తుప్పు పట్టదు, కానీ ఆమ్లపు క్లీనరు పడితే తెల్లటి మచ్చలు మిగులుతాయి. వెదురు, చెక్క పొడి వైపుకే. చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్ అసలు వద్దు, అంచు దగ్గర సన్‌మైకా కాస్త లేచిందంటే లోపల పొట్టు ఉబ్బిపోతుంది.

మంచి స్టీల్‌కు కూడా తుప్పు పట్టించేది ఒకటుంది: హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉన్న టాయిలెట్ క్లీనరు. మూత వదులుగా ఉంటే దాని ఆవిరే చాలు. దాన్ని స్టీల్ సామాను పక్కన పెట్టకండి. బ్లీచ్ పక్కన అసలే పెట్టకండి, ఆ రెండూ కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. ఒకటి బాత్రూమ్‌లో ఉంటే రెండోది వేరే చోట, రెండూ పిల్లలకు అందని ఎత్తులో, కొన్న సీసాల్లోనే.

ఒకే రకం అందమైన సీసాల్లోకి మార్చుకోవడం

చూడ్డానికి బాగుంటుంది, నాకూ ఇష్టమే. కానీ గడువు తేదీ, వాడే విధానం, అందులో ఏమున్నాయన్న వివరం అన్నీ పాత సీసాతో పోతాయి. అడుగున కాస్త మిగిలి ఉండగానే పైన కొత్తది పోయడం ఇంకా చెడ్డది, పాతదాంట్లో పుట్టిన క్రిములు కొత్తదాంట్లోకీ పాకుతాయి. పూర్తిగా ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి, అప్పుడు నింపేంత ఓపిక ఉంటేనే ఈ పని పెట్టుకోండి. చేతులు కడుక్కునే సబ్బుకు ఒక్కటి చాలు.

కొక్కేనికా, రాడ్డుకా?

టవల్‌ను కొక్కేనికి తగిలిస్తే మడతల మధ్య తడి అలాగే ఉంటుంది. రాడ్డు మీద వెడల్పుగా పరిస్తే తొందరగా ఆరుతుంది. చోటుంటే రాడ్డే. పిల్లలకు మాత్రం వాళ్ల చేతికందే ఎత్తులో కొక్కెం పెట్టండి, టవల్ నేల మీద పడి ఉండటం కంటే అది నయం.

రోజూ రెండు నిమిషాలా, వారానికోసారి గట్టిగానా?

రెండూ కుదిరితే మంచిదే. ఒకటే కుదురుతుందంటే రోజువారీది ఎంచుకోండి. తడిసిన చోటును 24 నుంచి 48 గంటల్లోపు ఆరనిస్తే చాలావరకు బూజు మొదలవ్వదు. వారమంతా తడిగా వదిలేసి ఆదివారం బ్రష్‌తో రుద్దేది అప్పటికే పెరిగిన దాన్నే. ఆఖర్న స్నానం చేసినవాళ్లు గోడలను, నేలను వైపరుతో ఒకసారి లాగి, ఫ్యాను ఇంకో అరగంట తిరగనిచ్చి, తలుపు ఓరగా వదిలేస్తే సరిపోతుంది. వారానికోసారి సీసాలన్నీ ఎత్తి అరలు కడగండి. ఖాళీ అయినవి, తెచ్చి వాడనివి అప్పుడు చేతికి తగులుతాయి.

వైపరు తలుపు వెనక దాక్కుంటే ఎవరూ తీయరు. షవర్ కట్టేసిన చేయి అక్కడి నుంచే అందుకునేలా తగిలించండి. ఇంట్లోవాళ్లు వస్తువులు తీసినచోట పెట్టడం లేదంటే వాళ్లను అనేముందు, తిరిగి పెట్టడానికి ఎన్ని పనులు చేయాల్సి వస్తోందో లెక్కపెట్టండి. తలుపు తీసి, డబ్బా లాగి, మూత తెరిచి, పెట్టి, మళ్లీ అన్నీ మూయడం అంటే తడి చేత్తో ఎవరూ చేయరు. మూత లేని బుట్టకు మార్చి ఒక వారం చూడండి. అప్పటికీ సింకు అంచునే ఉంటున్న వస్తువుకు సింకు పక్కనే చోటు చూపించండి.